వియ్యాలవారి బాణీ పోయిన కథ

“ఏడు సముద్రాలూ ఒక్క దమ్ములో ఈదేసి, అవతలి ఒడ్డున కూర్చుని తాపీగా తల తుడుచుకోగల మొనగాడు ఈ భూమండలం మీద ఒక్కడే ఉన్నాడు. వాడు నేనే!”

నిండు సభలో ఈ మాట అన్నది ఎర్రమల రాజుగారి మూడో కొడుకు సుకేతుడు. సభంతా చప్పట్లు కొట్టింది. కొట్టనిది ఒక్క పోలమ్మే. రోజూ రాకుమారుడి స్నానానికి నీళ్లు తోడేది ఆవిడ. ఆ పొద్దున తొట్టిలో మోకాటి లోతు నీళ్లు చూసి, “ఇంత లోతేమిటి పోలమ్మా, సగం పారబొయ్యి” అన్నవాడు ఇతనే మరి.

సరే, ఆ గొప్పలు చెప్పుకునేదాకా ఎందుకొచ్చిందో మొదటినుంచీ చెప్పుకుందాం.

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు, మీ తాతగారి తాతగారికి పాలపళ్లు ఊడుతున్న రోజుల్లో, గవ్వలేరుకి ఈ ఒడ్డున ఎర్రమల, ఆ ఒడ్డున నల్లరేవు అని రెండు దేశాలుండేవి. ఎర్రమలకి ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రకేతుడు, మొలలో కత్తి లేందే అన్నానికి కూడా కూర్చోడు. రెండోవాడు ధూమకేతుడు, అన్న ఏది చేస్తే అదే ఇంకాస్త గట్టిగా చేస్తాడు. మూడోవాడు మన సుకేతుడు. ఇతనికి కత్తి కన్నా నోరు పదును. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆటపట్టిస్తాడు. అయితే అతని చేత మాటలు పడ్డవాళ్లే మర్నాడు మళ్లీ ఎదురొచ్చేవాళ్లు, ఈసారి ఏమంటాడో విందామని.

పక్కపక్క దేశాలన్నాక గొడవలు రావా? వచ్చేవి. వీళ్ల గేదెలు వాళ్ల చేలో పడేవి. వాళ్ల జాలర్లు వీళ్ల రేవులో వల వేసేవాళ్లు. అయినా ఆ రెండు దేశాల మధ్య యుద్ధం జరిగినట్టు ఏ ముసలమ్మకీ గుర్తు లేదు. కత్తులతో పనసకాయలు కోసుకునేవాళ్లు. కారణం ఏమిటంటే వియ్యాల పాటలు. ఏటా ఈ ఒడ్డు పిల్లలు ఆ ఒడ్డుకి కోడళ్లుగా వెళ్లేవాళ్లు, ఆ ఒడ్డు పిల్లలు ఈ ఒడ్డుకి వచ్చేవాళ్లు. పెళ్లివిందులో ఆడపెళ్లివారు మగపెళ్లివారిని పేరుపేరునా పాట కట్టి ఏడిపించాలి. మగపెళ్లివారు పాటతోనే తిప్పికొట్టాలి. ఏడాది పొడుగునా కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చేది. “మీ మామ మా గేదెను తోలుకుపోయెనమ్మా” అని ఒకావిడ రాగం తీస్తే పంక్తంతా విరగబడి నవ్వేది. ఆ మామ కూడా చెవులు ఎర్రబడేదాకా నవ్వేవాడు. మర్నాడు తెల్లారేసరికి గేదె తన కొట్టంలో నెమరు వేస్తూ ఉండేది. అంతటితో సరి.

ఆ పాటలన్నిటికీ బాణీ ఒక్కటే. అమ్మమ్మల అమ్మమ్మల నుంచీ వస్తున్న బాణీ. ఇంకో బాణీలో కూడా పాడొచ్చని ఎవరికీ తోచలేదు.

ఇలా ఉండగా సుకేతుడికి నల్లరేవు రాజకుమారి చెంగలువతో పెళ్లి కుదిరింది. ఆ పిల్ల నోరు కూడా తక్కువేమీ కాదు. పెళ్లిచూపుల్లో సుకేతుణ్ణి ఎగాదిగా చూసి, “ముక్కు ముందొచ్చింది, మనిషెప్పుడొస్తాడు?” అని అడిగింది. ఆ మాటకే సుకేతుడు మురిసిపోయి ముహూర్తం దగ్గర్లో పెట్టించుకున్నాడు.

అప్పట్లో పెళ్లంటే అయిదు రోజులు. నుదుట బాసికం కట్టాక, తాళి కట్టడానికి ముందు పెద్ద విందు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆకులు వేశారు. బూరెలు వడ్డించారు. చెంగలువ మేనత్త పేరిందేవమ్మ పంక్తిలో ఒక్కొక్కరి మీదా పాడుకుంటూ వచ్చి, మళ్లీ గొంతు సవరించుకుని, సుకేతుడి తల్లి మహారాణి మాణిక్యాంబ ఎదురుగా నిలబడి ఎత్తుకుంది:

“వియ్యపురాలు తిన్న బూరెలెన్నమ్మా,
గంప ఖాళీ అయినా ఆకలి తీరదమ్మా!”

అందరూ గొల్లుమన్నారు. మాణిక్యాంబ కూడా నోటి నిండా బూరెతో నవ్వింది. పేరిందేవమ్మ రెండో చరణం అందుకోబోయింది. సరిగ్గా అప్పుడు పంక్తి మధ్యలోంచి, గజం పొడుగు గడ్డం ఉన్న ఒక మనిషి లేచి, గాలిలో గుప్పెట మూసి, అందరి నోళ్లలోంచీ దారప్పోగు లాగినట్టు ఏదో లాగేశాడు. “ఇక పాడుకోండి చూద్దాం!” అని పొగలో కలిసిపోయాడు. వాడు ఏడు సముద్రాల అవతల ఉండే కంకాళభట్టు అనే మాంత్రికుడు.

పేరిందేవమ్మ నోరు తెరిచింది. బాణీ రాలేదు. ఒట్టి మాటలు మాత్రం రాలాయి. “కొంగులో ఎన్ని మూటగట్టుకున్నావు?”

వడ్డించేవాడి గరిటె విస్తట్లో జారిపడింది.

“ఏమన్నావ్?” అంది మాణిక్యాంబ చేతిలో బూరె కింద పెట్టి.

“పాటలే అమ్మా, పాట! పాటలో ఉన్నదే అన్నాను.”

“పాటేదీ? నాకు తిట్టే వినపడింది.”

మహారాణి తమ్ముడు లేచి పెళ్లికూతురి తండ్రి బట్టతల సంగతి ఎత్తాడు. బాణీలో అయితే అది ఏటా వినేదే. బాణీ లేకుండా వింటే గునపం దిగినట్టుంది. వాళ్లు గేదెల సంగతి తీశారు. వీళ్లు వలల సంగతి తీశారు. విస్తళ్లు ఎగిరాయి. పనసకాయలు కోసే కత్తులు మొట్టమొదటిసారి పనసకాయల్ని వదిలి పైకి లేచాయి. వచ్చే పున్నమి ఉదయం గవ్వలేటి ఇసుకలో తేల్చుకుందామని ఇద్దరు రాజులూ మీసాలు తిప్పి చెరో ఒడ్డుకీ వెళ్లిపోయారు.

పెళ్లి సగంలో ఆగిపోయింది. పెళ్లి పూర్తికాకుండా బాసికం విప్పకూడదు. సుకేతుడు నుదుట బాసికంతోనే మిగిలిపోయాడు. పున్నమి వస్తే అన్నలిద్దరూ చెంగలువ తండ్రి మీదికి కత్తి ఎత్తుతారు. ఎవరు గెలిచినా ఆ బాసికం ఇక దేనికీ పనికిరాదు.

“ఆ మాంత్రికుడి ప్రాణం తీసి బాణీ తెస్తాను” అని పెద్దవాడు ఉగ్రకేతుడు ముందుగా బయల్దేరాడు. అడవి మొదట్లో కొమ్మ మీది కాకి, “ఏం నాయనా, మీసం నీదా, గుర్రం తోకలోంచి కోసి అంటించుకున్నావా?” అంది. ఉగ్రకేతుడు మండిపడి బాణం వేశాడు. “కోపం చల్లారేదాకా నడువు. దారి అటు!” అని కాకి చూపించింది. ఆ దారి తిరిగి తిరిగి సొంత గుర్రాలశాలకే చేరింది.

రెండోవాడు ధూమకేతుడు కాకి కంటపడకుండా వేరే దారిన వెళ్లి సముద్రం ఒడ్డు చేరాడు. అక్కడ బండి అంత బోదురుకప్ప ఒకటి కూర్చుని, “బాబూ, ఆ బొజ్జలో ఉన్నది మధ్యాహ్నం భోజనమేనా, నిన్నటిది కూడానా?” అంది. ధూమకేతుడు ఈటె ఎత్తాడు. కప్ప అతన్ని ఎత్తి ఉప్పునీళ్లలో ముంచింది. ఇంటికొచ్చేసరికి ఊరగాయ జాడీలోంచి తీసినట్టున్నాడు.

అప్పుడే మూడోవాడు సభలో లేచి, మొదట చెప్పుకున్న ఆ ఈత గొప్పలు చెప్పుకున్నాడు.

“ఒరేయ్ తమ్ముడూ, మాంత్రికుల ప్రాణం చిలకలో కాక ఇంకెక్కడా ఉండదు. దాని మెడ నులిమెయ్, పీడా పోతుంది” అని పెద్దన్న సలహా ఇచ్చాడు. “గట్టిగా నులిమెయ్” అన్నాడు రెండో అన్న.

వెళ్లేముందు సుకేతుడు ఏటి ఒడ్డుకి వెళ్లాడు. అవతలి ఒడ్డున చెంగలువ నిలబడి ఉంది, ఆమె నుదుటా బాసికమే.

“ఏడు సముద్రాలు ఈదుతారటగా? ఈ ఏరు దాటి ఒకసారి ఇటు రండి, చూస్తాను” అని అరిచింది.

“సముద్రాలు ఈదేవాడు ఏళ్లలో దిగడు. పరువు తక్కువ!”

చెంగలువ నవ్వింది. నవ్వి, వెనక్కి తిరిగి ఊరి కేసి చూసింది. “మా నాన్న కత్తికి సాన పట్టిస్తున్నాడు. ఆయనకి పనసకాయ కొయ్యడమే సరిగా రాదు. తొందరగా రండి.”

సుకేతుడు తల ఊపాడు. బాసికం సర్దుకుని అడవిలోకి నడిచాడు.

అడవి మొదట్లో కాకి ఎదురైంది. “నుదుట బాసికం ఉంది, పక్కన పెళ్లికూతురు లేదు. పారిపోయిందా, పారేసుకున్నావా?”

“నా సంగతి తరవాత పిన్నీ, నీ గూట్లో కోకిల పిల్లలెన్నో ముందు చూసుకో.”

కాకి కడుపు పట్టుకుని కావుకావుమని నవ్వింది. “అమ్మయ్య, మీ ఇంట్లో ఒక్కడన్నా మనిషి పుట్టాడు! కంకాళభట్టు దీవి ఏడో సముద్రం అవతల ఉంది. నల్లరాతి మేడలో, పంజరంలో చిలక. నడిచే దారి ఇదిగో ఇటు.”

ఆ దారే వెళితే ఒడ్డున బోదురుకప్ప ఎదురైంది. “ఒడ్డుకి ఆరు బారల దూరంలోనే ఆగిపోయావేం? నీళ్లు కరుస్తాయా?”

“నీళ్లు కరవవు తాతా, నిన్ను చూసి ఆగాను. ఇంత నోరుంటే దేశమంతా చాటింపు వెయ్యాలిగాని, ఒడ్డున కూర్చుని దోమలు తినడమేమిటి?”

“హోయ్!” అని కప్ప పొట్ట ఊగేలా నవ్వింది. “ఎక్కు వీపు మీద. కళ్లు మూసుకో, ఎలాగూ మూసుకుంటావనుకో.”

ఒక్కో గెంతుకి ఒక్కో సముద్రం. ఉప్పు సముద్రం, చెరకురసం సముద్రం, కల్లు సముద్రం, నెయ్యి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం. కల్లు సముద్రం మీద మాత్రం కప్ప కొంచెం నెమ్మదిగా గెంతింది. సుకేతుడు కళ్లు తెరిచేసరికి దీవి మీద ఉన్నాడు. ఒంటి మీద చుక్క తడి లేదు.

అక్కడ మూడో జీవం ఎదురైంది. అది మాంత్రికుడి బరువులు మోసే గాడిద. “మనిషివా, పెళ్లిపందిరి నుంచి నడిచొచ్చిన గుంజవా?” అంది నీరసంగా.

“అన్నా, దీవిలో ఒక్క పిట్టా లేదేమిటా అనుకున్నాను. రోజూ నువ్వు పాడుతున్నావన్నమాట!”

గాడిద కళ్లు తడయ్యాయి. “నన్నెవరైనా ఇలా ఆటపట్టించి ఎన్నేళ్లయిందో! మా అయ్యవారు నవ్వరు, నవ్వనివ్వరు. పంజరం తాళంచెవి పోగొట్టుకుని నాచేత దీవంతా తవ్వించారు. చిలక్కి ఊచల్లోంచే జాంపండు పెడతారు. ఈమధ్య ఎక్కణ్ణుంచో ఒక బాణీ తెచ్చి దాని గొంతులో పెట్టారు. అది కూనిరాగం తీస్తుంటే ఎదురుగా కూర్చుంటారు. ఏదో వస్తుందని చూస్తారు. ఆ వచ్చేదేదో రాదు, లేచి వెళ్లిపోతారు.”

“ఆ చిలక మెడ నులిమితే?”

“అయ్యవారు పోతారు. గొంతులో ఉన్న బాణీ కూడా పోతుంది. నేను చెప్పానని మాత్రం చెప్పకు.”

సుకేతుడు మేడ ఎక్కాడు. పంజరం తక్కువ ఎత్తులోనే వేలాడుతోంది. చిలక ఊచల మధ్యనుంచి మెడ బయటికి పెట్టి కూనిరాగం తీస్తోంది. చిన్నప్పుడు తల్లి ఒళ్లో కూర్చుని విన్న బాణీ. అతని చెయ్యి దాని మెడ దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

“నులుము. ఆగావేం?” వెనకనుంచి వినిపించింది. కంకాళభట్టు గుమ్మంలో నిలబడి తన మెడ తాను నిమురుకుంటున్నాడు.

“మా బాణీ ఎందుకు ఎత్తుకొచ్చారు? మేం మీకేం చేశాం?”

“ఏం చెయ్యలేదు. అదే చేశారు.” మాంత్రికుడు గోడకి చేరగిలపడ్డాడు. “పెళ్లి అంటే వచ్చాను. పంక్తిలో కూర్చోబెట్టారు. నా కుడి పక్కనున్నాయన ముక్కు మీద పాడారు. నా ఎడమ పక్కనున్నాయన పిలక మీద పాడారు. నా దగ్గరికొచ్చేసరికి ఆ పేరిందేవమ్మ ఆగి, మంచినీళ్లు తాగి, నన్ను దాటేసి పక్కవాణ్ణి పట్టుకుంది. నాకు పప్పు వడ్డించారు, బూరెలు వడ్డించారు, పెరుగు కూడా వడ్డించారు. పాట మాత్రం వడ్డించలేదు. అంతమందిలో నేనొక్కణ్ణే ఎవరికీ ఏమీ కానివాణ్ణని చాటినట్టే కదా!”

సుకేతుడు నాలిక కరుచుకున్నాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసిపోయింది. ఆడపెళ్లివారు ఈయన్ని తమవాడే అనుకున్నారు. మగపెళ్లివారు కూడా తమవాడే అనుకున్నారు. ఎవరూ తమవాళ్ల మీద పాడరు. అలా ఇద్దరూ తమవాడనుకున్నవాడు చివరికి ఎవరివాడూ కాకుండా పోయాడు.

“తప్పే బావగారూ” అన్నాడు. “ఇప్పుడు పాడనా?”

బావగారూ అన్న పిలుపుకి మాంత్రికుడి కనుబొమ్మ కదిలింది. “మూడు చరణాలు పాడు. చిలక బాణీ పడుతుంది, మాట నువ్వు వెయ్యి. నాకు నవ్వొస్తే బాణీ నీది. రాకపోతే నువ్వు నా ముంగిట్లో రాయివి.”

చిలక ఎత్తుకుంది. సుకేతుడు అందుకున్నాడు:

“గడ్డమేమో గజం పొడుగంటా మా బావకు,
పిచ్చుకలు కాపురం పెట్టాయంటా మా బావకు!”

“ఇది ఏ గడ్డానికైనా సరిపోతుంది” అన్నాడు మాంత్రికుడు నవ్వకుండా. సుకేతుడి పాదాలు చీలమండల దాకా రాయైపోయాయి.

“మంత్రాలు మూడు మూటలంటా మా బావకు,
మజ్జిగ చిలకడమే రాదంటా మా బావకు!”

“నాకు మజ్జిగ చిలకడం బ్రహ్మాండంగా వచ్చు. నువ్వు నన్ను చూడకుండానే పాడుతున్నావు.” ఈసారి నడుం దాకా రాయి.

సుకేతుడికి చెమట పట్టింది. పున్నమి గుర్తొచ్చింది. పనసకాయ కొయ్యడం రాని ఒక పెద్దమనిషి కత్తికి సాన పట్టించడం గుర్తొచ్చింది. అప్పుడు మొదటిసారి అతను కంకాళభట్టుని నిజంగా చూశాడు. చింపిరి అంగవస్త్రం చూశాడు. అద్దంలో ఎన్నడూ మొహం చూసుకోని మనిషి కళ్లు చూశాడు. ఆ గడ్డం కూడా చూశాడు, పై నుంచి కింది దాకా. చూసి, పెదవి బిగబట్టి అందుకున్నాడు:

“పంజరం తాళంచెవి పోయిందంటా మా బావకు,
గడ్డంలోనే వేలాడుతోందంటా మా బావకు!”

కంకాళభట్టు గడ్డం చివర తడుముకున్నాడు. చిక్కుల మధ్య చేతికి చల్లగా ఏదో తగిలింది. దీవంతా తవ్వించిన తాళంచెవి! ముందు దగ్గు లాంటిది వచ్చింది. తర్వాత ఎక్కిళ్ల లాంటిది వచ్చింది. ఆ తర్వాత నల్లరాతి మేడ అదిరేలా నవ్వు వచ్చింది. కింద గాడిద ఉలిక్కిపడి తాడు తెంపుకుంది. సుకేతుడి కాళ్లు మళ్లీ కాళ్లయ్యాయి.

పంజరం తెరిచారు. చిలక ఎగిరొచ్చి సుకేతుడి భుజం మీద వాలి బాణీని చెవిలో పోసింది.

“ఇక అది నా దగ్గర లేదు, చిలక దగ్గరా లేదు. నీ నోట్లోనే ఉంది” అన్నాడు మాంత్రికుడు కళ్లు తుడుచుకుంటూ. “కూనిరాగం ఆపకుండా తీసుకెళ్లు. మధ్యలో ఆగితే జారిపోతుంది. జారితే మళ్లీ నేనూ తేలేను.”

సుకేతుడు కూనిరాగం తీస్తూనే, పెళ్లికి రమ్మని సైగ చేశాడు.

“వస్తాను గాని, ఏ పక్క కూర్చోమంటావు?”

సుకేతుడు రెండు చేతులూ చాపి మధ్యలో చూపించాడు. రెండు పక్కలా పాడించుకోవచ్చని భావం.

కప్ప వీపు మీద తిరుగు ప్రయాణం మొదలైంది. మంచినీళ్ల సముద్రం దాటారు, కూనిరాగం సాగుతోంది. పాల సముద్రం దాటారు, సాగుతూనే ఉంది. కప్పకి మాత్రం నోరు ఊరుకోలేదు. “ఏం మొనగాడా, ఇప్పుడన్నా కళ్లు తెరిచావా?” అంది. సుకేతుడు జవాబు చెప్పలేక ఉమ్మెత్తకాయలా మొహం పెట్టాడు. ఆ మొహం చూసి కప్పకి ఆగని నవ్వొచ్చింది. నవ్వుతూ గెంతితే ఏమవుతుంది? గెంతు తగ్గి, పెరుగు సముద్రం మధ్యలో బుడుంగున పడ్డారు. పైకి తేలేసరికి సుకేతుడి కళ్లలో పెరుగు, చెవుల్లో పెరుగు, నోటి నిండా పెరుగు.

“బాణీ ఉందా పోయిందా?” అని కప్ప కంగారుగా అడిగింది.

సుకేతుడు ఉందన్నట్టూ కాదు, లేదన్నట్టూ కాదు, అదో రకంగా తల ఊపాడు. “బతికించావు!” అని కప్ప మిగతా సముద్రాలు దాటించేసింది.

గవ్వలేరు చేరేసరికి పున్నమి నాటి ఉదయం. ఈ ఒడ్డున ఎర్రమల సైన్యం, ఆ ఒడ్డున నల్లరేవు సైన్యం నిలబడ్డాయి. ఏనుగు మీద మాణిక్యాంబ మొహం తిప్పుకుని కూర్చుంది. అవతల పేరిందేవమ్మ కూడా అటు తిరిగి కూర్చుంది. ఇసుకలో ఈటెల బండి ఒకటి ఇరుసుకి కందెన లేక కిర్రో కీచుమంటూ నెమ్మదిగా పోతోంది.

సుకేతుడు ఏట్లోకి దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. కాళ్లు వణికాయి. అయినా నడిచి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. రెండు పక్కలా సైనికులు అతన్నే చూస్తున్నారు. అతను మాత్రం పాడకుండా, బాసికం వెనక నుంచి ఆ బండి కేసే చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

“దారి తప్పుకోరా తమ్ముడూ, శంఖం ఊదుతున్నారు!” అని ఉగ్రకేతుడు అరిచాడు.

శంఖం పెదాల దాకా వచ్చింది. అప్పుడు సుకేతుడు గొంతెత్తాడు:

“మా అమ్మ తిన్న బూరెలెన్నమ్మా,
గంప ఖాళీ అయినా ఆకలి తీరదమ్మా!”

మాటలు పేరిందేవమ్మవే, వియ్యపురాలి బదులు అమ్మ వచ్చిందంతే. కానీ బాణీలో ఉన్నాయి! కొంచెం గీరుకుపోయినట్టుంది, చివర ఒక కీచు కూడా ఉంది. అయినా అది బాణీయే. ఎవరూ కదల్లేదు. ఊదబోయినవాడు శంఖం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అందరూ మహారాణి మొహం కేసి చూశారు. మహారాణి పెదవులు బిగించింది.

అప్పుడు ఆ ఒడ్డు నుంచి సన్నగా, అదే బాణీలో, చివరి కీచుతో సహా వినిపించింది:

“ఏడు సముద్రాలీదిన మొనగాడమ్మా,
మోకాటి నీళ్లకే వణికిపోయెనమ్మా!”

పాడింది చెంగలువ. రెండు సైన్యాలూ సుకేతుడి మోకాళ్ల కేసి చూశాయి. అవి వణుకుతూనే ఉన్నాయి. ఎక్కడో ఒక సైనికుడు ముక్కులోంచి నవ్వాడు. పక్కవాడు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పాకింది. ఇక మాణిక్యాంబ వల్ల కాలేదు. ఏనుగు మీదే లేచి నిలబడి కొంగు బిగించింది:

“బూరెలా అవి, బండరాళ్లమ్మా,
నల్లరేవు విందులో నా పళ్లూడెనమ్మా!”

“చూశారా, చూశారా! ఇన్నాళ్లకి జవాబొచ్చింది!” అని పేరిందేవమ్మ ఎగిరి గంతేసి రెండో చరణం అందుకుంది. తర్వాత గేదెలు వచ్చాయి, వలలు వచ్చాయి, బట్టతల వచ్చింది. సాయంకాలం దాకా రెండు దేశాలూ ఒకదాన్నొకటి తనివితీరా ఏడిపించుకున్నాయి. మర్నాటికి గేదెలు ఎక్కడివక్కడ చేరాయి. ఈటెలు పందిరి గుంజలయ్యాయి. ఏటి ఇసుకలోనే పెళ్లి జరిగింది. తాళి కడుతూ సుకేతుడు, “ఇప్పుడైనా మనిషొచ్చాడా, ఇంకా ముక్కేనా?” అని అడిగాడు. “వచ్చాడు గాని పెరుగు వాసనేస్తున్నాడు” అంది చెంగలువ.

కంకాళభట్టు పంక్తి మధ్యలో కూర్చున్నాడు, భుజం మీద చిలకతో. రెండు వైపులా ఆయన మీద పాడారు. గడ్డం మీద ఒకటి, తాళంచెవి మీద ఒకటి, నవ్వు మీద ఒకటి. మొదటి పాట వినగానే ఆయన తల పక్కకి వంచి సుకేతుడి కేసి అదోలా చూశాడు. సుకేతుడు గబగబా ఇంకో బూరె వడ్డించాడు. ఆయన గడ్డంలో నవ్వుకున్నాడు. చిలక మాత్రం “కిర్రో కీచు!” అంది.

కాలం గడిచింది. అన్నలిద్దరూ రాజ్యం తమకొద్దన్నారు, పనసతోటలు చాలన్నారు. సుకేతుడూ చెంగలువా రెండు ఒడ్లకీ రాజూ రాణీ అయి చాలాకాలం ఏలారు. వియ్యాల పాటలు ఊరూరా మోగాయి. ఏడు సముద్రాల అవతల నుంచి తెచ్చిన అమ్మమ్మల నాటి బాణీ అని ఆడపిల్లలందరికీ నేర్పారు. బాగా ముసలివాళ్లు ఒకరిద్దరు, “మా అమ్మమ్మ ఇలా పాడినట్టు లేదే, చివర ఆ కీచేమిటి?” అనేవాళ్లు. “రాజుగారి గొంతు అంతేలే” అని తక్కినవాళ్లు సర్దిచెప్పేవాళ్లు.

ఒక్క సంగతే ఎవరికీ అంతుబట్టలేదు. కోటలో ఒక పాత ఈటెల బండి ఉండేది. దాని ఇరుసుకి కందెన పెట్టబోతే రాజుగారు కొట్టినంత పనిచేసేవాడు. ఏటా పెళ్లిళ్ల కాలం ముందు ఒక్కడే ఆ బండెక్కి తోటంతా తిరిగొచ్చేవాడు.

ఆయన పెద్ద కూతురి పెళ్లి నిశ్చయమైన నాడు కూడా అలాగే బండి కట్టించాడు. ఈసారి చెంగలువ ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఆ కిర్రోమనే బండెందుకో ఇవాళ చెప్పి కదలండి.”

రాజుగారు అటూ ఇటూ చూశాడు. పోలమ్మ కూడా దగ్గర్లో లేదని రూఢి చేసుకున్నాడు. కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని మెల్లగా చెప్పాడు:

“అసలు బాణీ పెరుగు సముద్రంలోనే పోయింది చెంగలువా. ఆవేళ నేను ఏట్లో నిలబడి పాడింది ఈ బండి చక్రం బాణీ. అది కూడా మరిచిపోతానేమోనని ఏటా ఒకసారి వచ్చి విని వెళుతున్నాను.”